అద్దాల బీరువాలో పియాలాలు

మా ఖిష్త్‌తెపా ఊరి మ్యూజియం కప్పు కారుతుంది. ముందే చెప్పేస్తున్నాను. ఈ ఒక్క మాట కోసం ఏళ్ళ తరబడి అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది, కప్పు మాత్రం ఎలా ఉందో అలాగే ఉంది. వాన పడితే నడిమి గదిలో బకెట్లు, మంచు కరిగితే మూల గదిలో బేసిన్లు. ఆ మూల గదిలోనే మా పెంకులున్నాయి.

పెంకులే కదా అని మూతి విరవకండి. ఊరి పక్క మట్టిదిబ్బను తవ్వినప్పుడు బయటపడ్డవి అవి. తెల్ల పూత మీద నల్ల గీతలున్న పళ్ళేల ముక్కలు, తేనెరంగు గాజు సీసాల మెడలు, ద్రాక్షతీగ చెక్కిన ఒక రాతి పలక మూల. నిండుగా ఉన్న వస్తువు ఒక్కటీ లేదు. నిండుగా ఉన్నవన్నీ ఎప్పుడో లారీ ఎక్కి రాజధానికి పోయాయి. బాగున్నవి వాళ్ళకి, పగిలినవి మాకు. సరే, పగిలినవే చాలనుకున్నాం. ఇప్పుడు ఆ పగిలినవీ కావాలట వాళ్ళకి. కప్పు కారుతోంది, పెంకుల మీద ఉప్పు తేలుతోంది, మీకు చూసుకోవడం చేతకాదు, మేం పట్టుకుపోతాం అంటారు. కప్పు వేయించండయ్యా అంటే మాత్రం పలకరు. మోసుకుపోవడానికి బండి దొరుకుతుంది, రేకులు తేవడానికి దొరకదు!

అక్కడికి పోయిన మా సరుకు ఏమైందో నేను కళ్ళారా చూశాను. ఒకసారి పట్టుబట్టి రాజధాని వెళ్ళి, గేటు దగ్గర పోట్లాడి, నేలమాళిగలోకి దిగాను. మా పెట్టెలు గోడ పక్కన ఉన్నాయి. మేకులు కూడా పీకలేదు. వాటికి ఎవరిదో సైకిల్ ఆనించి ఉంది. ఆ రోజే అనుకున్నాను, మిగిలిన ముక్కల్లో ఒక్కటి కూడా ఈ ఊరి పొలిమేర దాటనివ్వకూడదని.

వాటిలో నాకు ప్రాణమైనది ఒకటుంది. పళ్ళెం ముక్కలు రెండు, వాటిని కలిపి కట్టిన కంచు తీగ కుట్లు. వెయ్యేళ్ళ కింద ఏ ఆడమనిషో పళ్ళెం జారవిడిచింది. అత్త తిట్టే ఉంటుంది. అయినా పారేయకుండా కుట్లు వేయించుకుని వాడుకుంది. తర్వాత మళ్ళీ పగిలింది, అది వేరే సంగతి. నేను పత్తి మిల్లులో పనిచేసినదాన్ని, చదువుకున్నదాన్ని కాదు. ఆ కుట్లు చూసినప్పుడల్లా ఆవిడెవరో నాకు తెలిసినట్టే ఉంటుంది.

అర్జీలు పెట్టి, ఆఫీసుల గుమ్మాల్లో కూర్చుని, చివరికి ఒక మాట రాబట్టాను. కొత్త ఏడాది పండగ నౌరోజ్‌కి ముందు రోజు రాజధాని నుంచి ఒక అధికారి వస్తుంది. మ్యూజియం చూస్తుంది. పెంకులు పద్ధతిగా ఉన్నాయనిపిస్తే ఇక్కడే ఉంటాయి. లేదంటే వాటినీ రాజధానికి తీసుకుపోతారు. ఆ ఒక్క రోజు మీదే అంతా.

మా ఊరి పెద్ద దవ్లత్‌మంద్. మేం రయీస్ అంటాం. నన్ను ఊరంతా అపా అంటుంది, అక్క అని. ఈ కబురు పట్టుకుని అతని దగ్గరికి పరుగెత్తాను.

"రయీస్, ఇప్పుడైనా కప్పు వేయించు."

"కప్పు వేసవిలో చూద్దాం అపా. ముందు శుభ్రం. రేపు మ్యూజియంలో హషర్ పెట్టాను. మహల్లా ఆడవాళ్ళంతా వచ్చి కడిగేస్తారు."

"కడిగితే కారడం ఆగుతుందా?"

"ఆవిడ వచ్చేనాడు వాన పడదు లెండి."

"ఏం, దేవుడు నీకు ఫోన్ చేసి చెప్పాడా?"

"అపా, మీతో మాట్లాడితే నాకు బీపీ పెరుగుతుంది. డాక్టర్ వద్దన్నాడు."

హషర్ అంటే మా దగ్గర కాదనేవాళ్ళుండరు. పిలిస్తే వెళ్ళాలి, చేయాలి, కూలి అడగకూడదు, పెట్టింది తినాలి. దాన్ని నేనూ కాదనలేదు. కప్పు మీద పరచడానికి టార్పాలిన్ అయినా తెద్దామని పొద్దున్నే బజారుకి బయల్దేరాను. మ్యూజియంలో బుర్హోన్ ముఅల్లిమ్ ఉన్నాడు కదా అని నా ధీమా. ఆయన పాత చరిత్ర మాస్టారు, మ్యూజియం తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి. మంచివాడు. నోట్లో నాలుక లేదు. మంచివాళ్ళతో వచ్చే చిక్కే ఇది.

నేను వెళ్ళాక జరిగింది ఇదీ. మూల గది చెమ్మగా ఉందని ముఅల్లిమ్ పెంకులన్నీ తెచ్చి నడిమి గదిలో నేల మీద ఆరబెట్టాడు. దేని మీద? తన ఇంటి నుంచి తెచ్చిన పాత దస్తర్‌ఖాన్ మీద. భోజనాల బట్ట! గది మధ్యలో భోజనాల బట్ట, దాని నిండా పగిలిన గిన్నెలు, రేపో మాపో నౌరోజ్. ఇంతలో రయీస్ కబురు పెట్టాడు, బడికి వచ్చి పిల్లల చేత స్వాగతం పాట సాధన చేయించమని. రయీస్ పిలిస్తే ఈయన కాదంటాడా? వెళ్తూ వెళ్తూ ఆడవాళ్ళ ముందు నిలబడి, "అంతా శుభ్రంగా ఉండాలి ఖాలా, మీకు నేను చెప్పాలా?" అన్నాడట.

ఖాలా అంటే మా దగ్గర పిన్ని. ఆ ఖాలా ఎవరనుకున్నారు? హమ్రోబీబీ ఖాలా! మహల్లాలో, అంటే మా పేటలో, పెళ్ళయినా చావైనా ఆవిడ చెయ్యి పడందే జరగదు. ఆవిడ చీపురు పట్టుకుంటే దుమ్ము దానంతటదే లేచి బయటికి పోతుందంటారు.

మధ్యాహ్నం దాటాక టార్పాలిన్ నెత్తిన పెట్టుకుని తిరిగొచ్చాను. మ్యూజియం గేటు ముందు ఎప్పుడూ ఒక పెద్ద బురదగుంట ఉంటుంది, గోడ పట్టుకుని పక్కనుంచి నడవాలి. ఆ రోజు గుంట పూడిపోయి ఉంది. పర్లేదే, రయీస్‌కి బుద్ధొచ్చిందే అనుకుంటూ తిన్నగా దాని మీదే అడుగేశాను. కాళ్ళ కింద కరకరలాడింది. ఇంకో అడుగు వేశాను. మళ్ళీ కరకర. వంగి చూస్తే బురదలోంచి తెల్ల పూత కనిపించింది. తెలుపు మీద నల్ల గీత.

టార్పాలిన్ ఎక్కడ పడేశానో తెలీదు. లోపలికి పరుగెత్తాను. నేల అద్దంలా ఉంది. కిటికీలు మెరుస్తున్నాయి. దిష్టి పోవడానికి ఇస్రిక్ పొగ కూడా వేశారు, గదంతా ఘాటు వాసన. ఆడవాళ్ళు చేతులు తుడుచుకుంటూ వరసగా నిలబడి ఉన్నారు, నేను మెచ్చుకుంటానని. నడిమి గదిలో నేల మీద ఏమీ లేదు. దస్తర్‌ఖాన్ ఉతికి తీగ మీద ఆరేశారు. అద్దాల బీరువాలో మాత్రం కొత్త సామాను కనిపించింది. నీలం మీద తెల్ల పత్తిపువ్వు బొమ్మ ఉన్న టీ కెటిల్, దాని చుట్టూ పిడి లేని పియాలాలు, ఒకదాని పక్కన ఒకటి, తళతళలాడుతూ. ముఅల్లిమ్ రోజూ టీ తాగే సామాను!

"ఖాలా, ఇక్కడ బట్ట మీద ఉన్నవి ఏవీ?" అన్నాను.

"ఆ పగిలినవా? బయట పారేశాం," అంది హమ్రో ఖాలా. "ఎల్లుండి నౌరోజ్. పగిలిన గిన్నె ఇంట్లో పెట్టుకుంటే కొత్త ఏడాది గుమ్మం తొక్కుతుందా? మీ అమ్మ నీకు ఇది కూడా నేర్పలేదూ?"

"ఇది ఇల్లు కాదు ఖాలా! మ్యూజియం!"

"గుమ్మం ఉంది, కప్పు ఉంది, లోపల టీ కాస్తారు. ఇల్లు కాకపోతే మరేంటి?"

"కప్పు మాత్రం అంతంతే," అంది వెనకనుంచి జులేఖో. అందరూ నవ్వారు.

"ఖాలా, అవి వెయ్యేళ్ళవి!"

"వెయ్యేళ్ళ నుంచీ పగిలే ఉన్నాయా? మరి ఈ ఊరు బాగుపడకపోవడంలో వింతేముంది?"

ఆవిడ హేళనకి అనలేదు. నిజంగా మా మంచికే చేసింది. పెద్ద ముక్కలు అధికారి కారు టైర్లకి గుచ్చుకుంటాయని సుత్తితో కొట్టి మరీ చిన్నవి చేశారట. చెప్పుకుంటూ పోతున్నారు, పొంగిపోతూ. రాతి పలక పగిలినట్టు వాళ్ళకి అనిపించలేదు. అందుకని దాన్ని పారేయలేదు. గాలికి కొట్టుకోకుండా తలుపుకి అడ్డం పెట్టారు.

బుర్హోన్ ముఅల్లిమ్ వచ్చాడు. గది చూశాడు, బీరువా చూశాడు, స్టూలు మీద కూలబడ్డాడు.

"ముఅల్లిమ్, వాళ్ళకి చెప్పి వెళ్ళొద్దా?"

"చెప్పాను అపా," అన్నాడు నేల చూస్తూ. "శుభ్రం చేయమని చెప్పాను."

ఆయన్ని తిట్టడం కూడా దండగ. తిడితే వింటాడు, అంతే.

బయట హారన్ మోగింది. రయీస్. వెనకాల కంకర లారీ. గేటు దగ్గర నిలబడి గుంటని చూసి మురిసిపోతున్నాడు.

"భలే పూడ్చారే! పైన ఈ కంకర పోయించేస్తే ఇక తిరుగులేదు."

"దవ్లత్‌మంద్, ఆ గుంటలో ఉన్నది మ్యూజియం!"

సంగతి చెప్పాను. అతని మొహం ఒక్క క్షణం పాలిపోయింది, అంతలోనే సర్దుకుంది. ఈ పెద్దమనుషుల మొహాలకి ఈ విద్య ఎవరు నేర్పుతారో!

"చూడండి అపా, అరవకండి. లోపల శుభ్రంగా ఉంది. బీరువా నిండుగా ఉంది. పైన కంకర పడితే కింద ఏముందో ఎవరు చూస్తారు?"

"బీరువాలో ఉన్నది ముఅల్లిమ్ టీ సామాను!"

"పాతదే కదా?"

"పెంకులేవి అని ఆవిడ అడిగితే?"

"లోపలి గదిలో ఉన్నాయి, తాళంచెవి కనపడట్లేదు అంటాం. అధికారులకి అలాంటివి అలవాటే. పోయవయ్యా కంకర!"

లారీ వెనక్కి వస్తోంది. ఇక నాకేం తోచలేదు. వెళ్ళి గుంట మధ్యలో కూర్చున్నాను. నా బరువుకి ముక్కలు కుంగి బురద నడుం దాకా వచ్చింది. చల్లగా, ముళ్ళలా. కింద వెయ్యేళ్ళ పళ్ళేలు గుచ్చుకుంటున్నాయి. డ్రైవర్ బ్రేకు తొక్కి తల బయటపెట్టాడు. "రయీస్, ఈవిడతో కలిపి పోయనా, లేపి పోయనా?"

హమ్రో ఖాలా చీపురుతో సహా బయటికొచ్చింది. "లే! పండగ పూట బురదలో కూర్చుంటావా? సిగ్గు లేదూ? మనవలున్నదానివి!"

నేను లేవలేదు. చేతులు బురదలోకి పోనిచ్చి దొరికింది దొరికినట్టు తీసి ఒళ్ళో వేసుకుంటున్నాను. గాజు ముక్క ఒకటి వేలు కోసింది. అయినా తీశాను. ఆ తీయడంలో చేతికి అదే తగిలింది, నా కుట్ల పళ్ళెం. సుత్తి దెబ్బ దాకా రాలేదు దాని వంతు. తీగ ఇంకా రెండు ముక్కల్నీ పట్టుకునే ఉంది. గౌనుతో తుడిచాను.

ఖాలా వంగి చూసింది. "ఏంటది? ఇటియ్యి." లాక్కుంది. కుట్ల మీద బొటనవేలు పెట్టి రాసింది. ఆవిడ పుట్టింట్లో మామయ్య ఒకాయన ఉండేవాడు, ఊరూరా తిరిగి పగిలిన కెటిళ్ళకి తీగ కుట్లు వేసేవాడు. ఆయన పేరెత్తితే ఖాలా ఇప్పటికీ మెత్తబడుతుంది.

"ఇది కుట్లేసిన గిన్నె," అంది.

"అవును."

"కుట్లేసింది పగిలినదాని లెక్కలోకి రాదు," అంది. "కుట్లేసిన గిన్నెని పారేస్తే పోయిన మనిషి చెయ్యి విరిచినట్టంటారు. నేను... నేను దీన్ని పారేశానా? ఎవరూ చూడలేదా? జులేఖో! కళ్ళెక్కడ పెట్టుకున్నావే?"

"మీరే కదా అన్నీ ఊడ్చెయ్యమన్నారు!"

"నోర్ముయ్. దిగండి అందరూ! కుట్లేసినవి ఇంకెన్ని ఉన్నాయో!"

నేనేళ్ళ తరబడి వెయ్యేళ్ళ చరిత్ర, మన ఊరి సొత్తు, మన హక్కు అని గొంతు చించుకున్నాను. ఒక్కతె కూడా కదల్లేదు. ఇప్పుడు ఒక్క కుట్టు చూసి చీపుర్లు పారేసి మొత్తం బురదలోకి దిగారు! సంతోషించాలో తల బాదుకోవాలో నాకు తెలియలేదు. ఏది కుట్లేసిందో ఏది కాదో బురదలో తెలీదు కదా, అందుకని ప్రతి ముక్కా ఏరారు. ప్రతి ఒక్కరి ఎప్రానూ బరువెక్కింది.

అప్పుడొచ్చింది అధికారి తెల్లకారు. ఒక రోజు ముందే!

దిగిన అమ్మాయి పేరు మెహ్రాంగేజ్. చిన్నది, చక్కటి బూట్లు వేసుకుంది. ఎదురుగా మోకాళ్ళ దాకా బురదలో మహల్లా ఆడవాళ్ళు, మధ్యలో కూర్చుని నేను, పక్కన కంకర లారీ.

"ఇక్కడేం జరుగుతోంది?"

"హషర్ అండీ," అన్నాడు రయీస్ చిరునవ్వుతో. "మా ఊరి ఆచారం."

ఆ అమ్మాయి గుంట అంచున వంగి ఒక గాజు సీసా మెడ తీసింది. వెలుగుకి పట్టి చూసింది. ఆమెకి తెలుసు అదేంటో. మొహం ఎర్రబడింది.

"ఇందుకే మేం తీసుకెళ్తామంది. ఇందుకే! మీకిక ఒక్క ముక్క వదలడానికి కూడా నాకు కారణం కనపడట్లేదు."

ఆ అమ్మాయి మాటలో తప్పు లేదు. ఒళ్ళు మండింది దానికే. తప్పు మాట అంటే తిప్పికొట్టొచ్చు. నిజం మాట అంటే ఏం చేస్తాం?

"మా పాత పెట్టెలు మీ నేలమాళిగలో పడున్నాయి, మేకులు కూడా పీకలేదు!" అన్నాను.

"నేను కొత్తగా చేరాను అపా. ఆ పెట్టెల సంగతి నాకు తెలియదు."

"ఎవరికీ తెలియదు! అదే కదా నా మొర!"

"అక్కడ కనీసం తడవవు," అంది. కారు వెనక తలుపు తీయించింది. ఖాళీ పెట్టెలు సిద్ధంగా ఉన్నాయి. చూసి నిర్ణయిస్తామన్నవాళ్ళు పెట్టెలు వెంటేసుకుని వచ్చారు! "దొరికినవి ఇందులో వేయండి."

నేను లేవబోయాను, కాలు జారి మళ్ళీ కూర్చున్నాను. అయిపోయింది అనుకున్నాను.

హమ్రో ఖాలా ముందుకొచ్చింది. ఎప్రాన్ చివర్లు పిడికిట్లో బిగించి పట్టుకుంది.

"ఇలాగే ఇమ్మంటావా కూతురా? బురదతో?"

"పర్లేదు, మేం కడుక్కుంటాం."

"మీకు పర్లేదేమో. మురికి గిన్నె అతిథి చేతిలో పెట్టడం మా ఊళ్ళో లేదు. ఇంటికి తీసుకెళ్ళి కడిగి, ఆరబెట్టి, బట్టలో చుట్టి ఇస్తాం. నువ్వు లోపల కూర్చో. టీ తాగు. ముఅల్లిమ్, అమ్మాయికి టీ!"

అని వెనక్కి తిరిగి నడిచింది. ఆవిడ వెనక జులేఖో. జులేఖో వెనక మిగతావాళ్ళు. ఎప్రాన్లు ఒడిలా పట్టుకుని, ఒక్కొక్కరు ఒక్కో సందులోకి. ఆ అమ్మాయి "ఆగండి, ఆగండి" అంటూనే ఉంది. ఏమని ఆపుతుంది? కడిగి ఇస్తామంటే వద్దంటుందా? బుర్హోన్ ముఅల్లిమ్ బీరువా తాళం తీసి పత్తిపువ్వు కెటిల్ బయటికి తెచ్చి టీ కాశాడు. ఆమె చాలాసేపు కూర్చుంది. ఎవరూ రాలేదు. వెళ్తూ రయీస్‌తో, పెంకులకి ఇక జవాబుదారీ మీరే అని గట్టిగా చెప్పి వెళ్ళింది.

పండగైంది. తర్వాత రాజధాని నుంచి రయీస్‌కి ఫోన్ల మీద ఫోన్లు. ముక్కలేవీ, ఎక్కడున్నాయి, ఎవరి దగ్గరున్నాయి? రయీస్ నా గుమ్మంలోకి వచ్చాడు, మొదటిసారి తనంతట తాను.

"అపా, మీ మాట వింటారు వాళ్ళు. ఇప్పించండి. మ్యూజియంలోనే పెడదాం, మీరన్నట్టే. రాజధానికి పంపకుండా నేను చూసుకుంటాను."

"కప్పు?"

"వేసవిలో..."

మొహాన తలుపు వేసేదాన్నే. కానీ పెంకులు వంటిళ్ళలో చెల్లాచెదురుగా ఉన్నాయని నాకూ భయంగానే ఉంది. జులేఖో ఇంట్లో సీసా మెడలో ఉల్లిపాయ పెట్టి మొలక వేయించిందని విన్నాను. ఇంకో ఇంట్లో పెరుగు గిన్నె మీద మూతగా పళ్ళెం ముక్క. తిట్టుకుంటూ బయల్దేరాను.

హమ్రో ఖాలా ఇంట్లో అవి పరుపుల దొంతర పక్కన గూట్లో ఉన్నాయి, తెల్లగుడ్డ మీద. కుట్ల పళ్ళెం అన్నిటికంటే ముందు. నౌరోజ్ ముందు పగిలిన పియాలా కనపడితే ఇల్లంతా ఎత్తి కుదిపే మనిషి ఆవిడ!

"ఖాలా, మీకు భయం వేయలేదా? పండగ నాడు పగిలినవి ఇంట్లో..."

"ఎందుకు వేయలేదు? ఒళ్ళంతా చెమటలు. కుట్లది ఒక్కటే ఉంచుకుని మిగతావి పారేద్దామనుకున్నాను. ఎవరు పారేయనిస్తారు, నువ్వు మళ్ళీ వచ్చి బురదలో కూర్చుంటావు." నాన్ విరిచి నా ముందు పెట్టింది. "ఏడాది కుంటుకుంటూ వచ్చినట్టుంది. సరే, వచ్చింది కదా."

"ఇప్పుడు ఇచ్చేయండి. మ్యూజియంలోనే పెడతారట."

"కప్పు వేశారా?"

"వేయలేదు."

"మరి ఎందుకొచ్చావు? టీ తాగు."

"ఖాలా, మీ ఇంట్లో ఇవి పాడైపోతాయి!"

"నా కప్పు కారదు," అంది. పైకి చూపించింది కూడా. "కప్పు వేసిన రోజు మేమే తెచ్చి పెడతాం. మహల్లాలో అందరం ఆ మాట మీదే ఉన్నాం. అప్పటిదాకా రయీస్ పంపినా, రాజధాని పంపినా, నువ్వొచ్చినా ఇవ్వం."

"నన్నూ వాళ్ళతో కలిపేశారా? ఈ కప్పు గురించి మొదట అరిచింది నేను!"

"అరిచావు. ఎవరు కాదన్నారు? ఇప్పుడు వాళ్ళ తరఫున వచ్చావు. తాగు, చల్లారిపోతోంది."

అక్కడ నుంచి జులేఖో ఇంటికి వెళ్ళాను. అదే మాట. ఇంకో ఇల్లు. అదే మాట, పైగా నవ్వు. నేను నేర్పిన మాటే నా మొహాన కొడుతున్నారు, నా కంటే గట్టిగా. పెంకులు ఊళ్ళోనే ఉన్నాయి, అది నిజం. నేను కోరింది అదే. కానీ ఇలాగా? ఉల్లిమొలకల కింద, పెరుగు గిన్నెల మీద?

మ్యూజియానికి తిరిగొచ్చేసరికి వాన మొదలైంది. ఫోన్ మోగింది.

"అపా, ఇచ్చారా?" రయీస్.

"ఇవ్వరట."

"ఏం కావాలట వాళ్ళకి?"

"కప్పు."

"రేకులు ఏ కొలతవి కావాలో ముఅల్లిమ్‌ని కనుక్కోమనండి," అన్నాడు, పన్ను పీకించుకుంటున్నవాడిలా.

నమ్మను. రేకులు లారీ దిగాక, వాటికి మేకులు పడ్డాక, వాన పడ్డాక, కింద నిలబడి తల తడుముకుని చూసుకున్నాక నమ్ముతాను. అప్పుడు కూడా ఇంకోసారి చూసుకుంటాను.

మూల గదిలో చుక్క పడటం మొదలైంది. బుర్హోన్ ముఅల్లిమ్ లేచి, బీరువా తెరిచి, ఒక పియాలా తీసి చుక్క కింద పెట్టాడు.

"అదేంటి ముఅల్లిమ్, బేసిన్ ఏది?"

"బీట వారిందని హషర్ నాడు పారేశారు అపా."